మా కలుపు మిషన్‌కు వేడి చేసింది

ఇదంతా నేను రెండేళ్ళ కిందటే రాసి ఉండవలసింది. రాయకపోవడానికి కారణం వినయం కాదు, తీరిక లేకపోవడమూ కాదు. అప్పటికి నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు నన్ను బడికి పంపితే మేకలు బెంగ పెట్టుకుంటాయని మా వాళ్ళు భయపడ్డారు. మేకల ఆరోగ్యం ముఖ్యం కనుక నేను వాటితోనే ఉండిపోయాను. యాభై దాటాక, మా ఊరి పంచాయితీ ఆఫీసు వెనక గదిలో సాయంత్రం పూట పెద్దవాళ్ళకు క్లాసులు పెట్టారు. వెళ్ళి కూర్చున్నాను. అక్కడ నేర్పింది కన్నడ. మా వైపు ఇంట్లో మాట్లాడేది ఒకటి, బోర్డు మీద రాసేది ఇంకొకటి. అది ఎవరికీ వింత కాదు. తెలుగు అక్షరాలు తరువాత మా కోడలు నేర్పింది. ఆమెది కదిరి వైపు. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళే, తల దువ్వుకోవడంలోనే తేడా అని చెప్పింది. ఆ దువ్వడం పట్టుబడటానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆలస్యం వల్ల ఒక మేలు మాత్రం జరిగింది. ఆ రోజుల్లోనే రాసి ఉంటే ఇందులో తిట్లు తప్ప ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు కోపం చల్లారింది. మిగిలిన దానితో రాస్తున్నాను.

మాది బాగేపల్లి తాలూకా. చాకవేలు దాటి లోపలికి రావాలి. ఎకరం మల్బరీ తోట, ఒక బోరు, పట్టుపురుగులకు ఒక షెడ్డు. తోటలో ప్రతి పుల్లా నేను నాటిందే. దున్నడం మా ఆయన పని, మిగిలినదంతా నా పని అని పెళ్ళైన కొత్తలోనే సమానంగా పంచుకున్నాం. అలాంటిది ఆయనకు నడుము పట్టేసింది. బరువు ఎత్తవద్దు, వంగవద్దు అని డాక్టరు చెప్పాడు. నలభై ఏళ్ళలో ఆయన ఎవరి మాటా అంత శ్రద్ధగా వినలేదు. నేల మీద చెంబు ఉంటే చెంబు వైపు చూసి, తరువాత నా వైపు చూసేవాడు.

ఆయన మంచం పట్టగానే గడ్డి లేచింది. తుంగ, గరిక, పేరు తెలియని తీగలు మల్బరీ సాళ్ళ మధ్య మోకాలెత్తు పెరిగాయి. మల్బరీకి పోవలసిన నీళ్ళన్నీ అవే తాగేస్తున్నాయి. కలుపు తీసే ఆడవాళ్ళందరూ పొద్దున్నే బస్సెక్కి గార్మెంట్ ఫ్యాక్టరీకి వెళ్ళిపోతున్నారు. ఫ్యాను కింద కూర్చునే పని వదిలి నా గడ్డి పీకడానికి ఎందుకు వస్తారు? ఎడ్లు ఎప్పుడో పోయాయి. ట్రాక్టరు సాళ్ళ మధ్య పట్టదు.

అప్పుడు మా బావ వచ్చాడు. మా ఆయనకు అన్న. పొలం కాగితాల్లో అన్నదమ్ములిద్దరి పేర్లూ ఉన్నాయి, నా పేరు లేదు. ఆయన అరుగు మీద కూర్చుని కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టిన తరువాత మాట్లాడాడు.

"ఇంగ చాలమ్మా. వాడి నడుము పడిపోయింది. తోటలో గడ్డి మనిషెత్తు ఉండాది. పక్కతోట ఆయప్ప గుత్తకు అడుగుతాండాడు. ఇచ్చేద్దాం."

"మోకాలెత్తు బావా."

"ఏదో ఒక ఎత్తు."

"ఆయప్ప మల్బరీ పెడతాడా?"

"యాడ పెడతాడు? ట్రాక్టరుతో పీకేసి టమాటా పెడతాడంట."

మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ వైపు తిరగడానికి నడుము అడ్డం రాలేదు. నేను ఏదో ఒకటి చేసి గడ్డి దున్నిస్తాను, మల్బరీ పీకవద్దన్నాను. బావ నవ్వాడు. చెడ్డవాడు కాదు, నవ్వడం ఆయనకు అలవాటు. "అమావాస్య దాకా సూస్తా. తోట దున్నింటే నీది. గడ్డి అట్లే ఉంటే ఆయప్పది," అని లేచాడు. నా తోట నాది కావడానికి నాకు గడువు ఇచ్చాడన్న మాట.

మా అబ్బాయి ఊళ్ళో ఉండడు. కోడలే ఫోనులో వెతికింది. చింతామణి దగ్గర టమాటా రైతు ఒకాయన పాత కలుపు మిషన్ అమ్ముతున్నాడు. ఇద్దరమూ లగేజీ ఆటో మాట్లాడుకుని వెళ్ళాం. మిషన్ చూడటానికి నాగలికీ మోపెడ్‌కూ పుట్టినట్లు ఉంది. వెనక రెండు పిడులు, ముందు పెట్రోలు ఇంజను, దాని మీద ట్యాంకు, కింద గిరగిర తిరుగుతూ నేలను తవ్వే కత్తులు. తాడు లాగితే స్టార్ట్ అవుతుంది. ఆయన ఒక్క గుంజుకే స్టార్ట్ చేసి చూపించాడు.

"ఇది నాకు కూతురు మాదిరి అమ్మా. కష్టంగా ఉండాది ఇచ్చేది," అన్నాడు.

కూతురిని ఎవరైనా ఫోనులో బొమ్మ పెట్టి అమ్ముతారా అని నేను అడగలేదు. మిషన్ బాగా తిరుగుతోంది. తెచ్చుకున్నాం.

ఇంటికి వచ్చిన బండి ఏదైనా పూజ కాకుండా కదలకూడదు. కొత్తదైనా పాతదైనా, సైకిలైనా జేసీబీ అయినా మా వైపు అంతే. పెద్దవాడు కనుక బావే చేశాడు. మిషన్‌ను కడిగి, పసుపూ గంధమూ ముద్దగా కలిపి, ట్యాంకు మూత నడిమధ్యన రూపాయి బిళ్ళంత పెట్టాడు. దాని మీద కుంకుమ. మూతే ఎందుకంటే అన్నిటికన్నా ఎత్తులో, గుండ్రంగా, నుదురులా ఉన్నది అదే. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, హారతి ఇచ్చారు. తోటను పక్కాయనకు ఇమ్మన్న మనిషే ఆ మిషన్‌కు అంత ప్రేమగా బొట్టు పెట్టాడు. అన్యాయంగా మాట్లాడకూడదు, ఆయన బొట్టు పెడితే ఎండలో కూడా రాలదు, అంత చిక్కగా కలుపుతాడు.

మరునాడు తోటలోకి దించాను. తాడు గుంజడం నేర్చుకోవడానికే నా భుజం సగం చచ్చింది. ఊరికే లాగితే కాదు; మెల్లగా లాగుతూ పోతే ఒకచోట బిగిసినట్లు తగులుతుంది, అక్కడి నుంచి ఒక్కసారి గుంజాలి. మూడోసారికి స్టార్ట్ అయింది. గడ్డి వేళ్ళతో సహా లేచి పడుతుంటే నాకు పాడాలనిపించింది. ఒక సాలు పూర్తయింది. రెండో సాలు సగంలో ఇంజను గురగురమని, దగ్గి, ఆగిపోయింది.

ట్యాంకు మూత తీసి చూశాను. ఉస్సుమని చప్పుడు వచ్చింది. పెట్రోలు సగానికి పైగా ఉంది. మూత పెట్టి గుంజాను. స్టార్ట్ అయింది. మళ్ళీ సాలున్నర దున్ని ఆగింది.

మా ఆయన తోట గట్టు దాకా నడిచి వచ్చి, వంగకుండా, పరీక్ష చేశాడు.

"వేడి చేసిందే దానికి."

"వేడా?"

"ముట్టి సూడు. కాలుతాండాది. మనిషికి చేయదా? దానికీ అంతే. తడి గోనెపట్ట కప్పి చెట్టు కింద పెట్టు."

మా ఇంట్లో తలనొప్పి అయినా, కురుపు అయినా, కళ్ళు మండినా, ఒకరి మీద ఒకరికి కోపం వచ్చినా కారణం వేడి. మిషన్ కూడా ఇంటి మనిషైపోయింది. గోనెపట్ట తడిపి కప్పాను. మజ్జిగ తాగించలేదు, అంతే. కాసేపటికి నేను మూత తీసి పెట్రోలు చూసి, గుంజాను. స్టార్ట్ అయింది. "సూసినావా!" అన్నాడు మా ఆయన, గోనెపట్ట వైపు గర్వంగా చూస్తూ. అలా ఒక పూటంతా గోనెపట్ట వైద్యం నడిచింది. దున్నినది కొంచెం, తడిసినది ఎక్కువ.

సాయంత్రం బావకు తెలిసింది. ఆయన వైద్యం వేరు.

"దిష్టి. చింతామణి నుంచి ఊరంతా సూస్తాండగా తెచ్చినారు కదా."

గుమ్మడికాయ తిప్పి పగలగొట్టాడు. పాత బొట్టు మీద కొత్త బొట్టు పెట్టాడు. మరునాడు మిషన్ సాలున్నర కూడా పోలేదు, ఒక్క సాలుకే ఆగింది. దిష్టి గట్టిదని తేలింది. ఇంకొక బొట్టు.

ఆ మధ్యలో కోడలు ఊరికే కూర్చోలేదు. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో తెలుగూ కన్నడా లేవు. బొమ్మలున్నాయి. బూట్లు వేసుకున్న ఒక మగాయన ప్రతి బొమ్మలోనూ నవ్వుతున్నాడు, తెరిచిన ఇంజను ముందు కూడా. ఆ పుస్తకాన్ని పక్కన పడేసి, ఇంజను మీద ఉన్న అంకెలు ఫోనులో కొట్టింది. అదే ఇంజనుతో ఒక వీడియో వచ్చింది. చూస్తే చుట్టూ తెల్లగా మంచు! ఇంటి ముందు, దారి మీద, చెట్ల మీద. మధ్యన ఉన్ని టోపీ పెట్టుకున్న ముసలాయన. నోట్లోంచి పొగ వస్తోంది, బీడీ లేదు.

"ఏందే ఇది?"

"మంచు ఎత్తిపోసే మిషన్ అత్తా. వాళ్ళకు రోడ్డు మీద మంచు పడతాది కదా, అది తీసి పక్కకు ఇసిరేదానికి. పాతది కొని రిపేరి చేస్తాండాడు. ఇంజను మాత్రం మనదే."

బాగేపల్లి ఎండలో, తడి గోనెపట్ట పక్కన కూర్చుని, మంచు ఎత్తిపోసే మిషన్ బాగుచేయడం నేర్చుకున్నాం. ఆయన ఏమంటున్నాడో నాకు అర్థం కాదు. కోడలికి సగం అర్థమవుతుంది. కానీ ఆయన చేతులు మాత్రం ఒక్కొక్క పనీ నిదానంగా చేసి చూపిస్తాయి. మంచి గురువు. నేను గుంజేటప్పుడు నవ్వడు, ఇంట్లో మగవాళ్ళు లేరా అనడు.

ఆయన దగ్గర చాలా నేర్చుకున్నాను. ఆయిల్ పుల్ల తీసి, తుడిచి, మళ్ళీ దించి చూడటం. కింద బోల్టు విప్పి పాత ఆయిల్ వంపేయడం. మా దాంట్లోంచి దిగింది ఆయిల్ కాదు, కాటుక. చింతామణి ఆయన కూతురికి పుట్టినప్పటి నుంచి తల స్నానం చేయించినట్లు లేదు. ప్లగ్గు విప్పి కొస మీది మసి గీకడం, ఇనుప బ్రష్షుతో రుద్దడం, తిరిగి బిగించేటప్పుడు ముందు వేళ్ళతో తిప్పి, తరువాతే పానాతో బిగించడం. ఒక్కటి మాత్రం ఆయన చూపలేదు. మా మిషన్‌కు పక్కన ఒక డబ్బా, అందులో స్పాంజి ఉంది. ఆయన మిషన్‌కు ఆ డబ్బానే లేదు. కోడలు ఆలోచించి చెప్పింది: అది గాలి వడకట్టేది, మంచులో దుమ్ము ఉండదు కాబట్టి వాళ్ళకు అక్కర్లేదేమో అని. మా స్పాంజి తీసి విదిలిస్తే చింతామణి ఎర్రమట్టి దోసెడు రాలింది. సబ్బు నీళ్ళలో పిండి, ఆరబెట్టి, రెండు చుక్కలు ఆయిల్ పట్టించి పెట్టాను.

ఇంత చేసిన తరువాత ఇంజను చప్పుడు మారింది. నున్నగా, గట్టిగా మోగింది. సాలున్నర దున్నింది. ఆగిపోయింది.

ఇక బాగేపల్లిలో మెకానిక్కు దగ్గరకు వెళ్ళక తప్పలేదు. బస్టాండు వెనక చిన్న షెడ్డు. మోటారుసైకిళ్ళు, స్ప్రేయర్లు, నీళ్ళ మోటార్లు, అన్నీ చూస్తాడు. నడివయసు మనిషి, మాట కలుపుగోలుగా ఉంటుంది. మిషన్‌ను బల్ల మీదికెత్తి, ట్యాంకు పైపు లాగేసి, మేకుకు ఒక పెట్రోలు సీసా తలకిందులుగా వేలాడదీసి, దాని గొట్టం ఇంజనుకు తగిలించాడు. ట్యాంకులో మట్టి ఉంటే, ఇంజనుకు పెట్రోలు అందించే కార్బొరేటర్‌లోకి పోకుండా అలా చేస్తారట. కార్బొరేటర్ విప్పి, కడిగి, ఊది, బిగించి, స్టార్ట్ చేశాడు. నేను టీ తాగి వచ్చేదాకా తిరుగుతూనే ఉంది.

"సూడమ్మా, గడియారం మాదిరి తిరుగుతాండాది. యాడుంది జబ్బు?"

జబ్బు తోటలో ఉంది. ఇంటికి తెచ్చి దించాను. సాలున్నర.

ఫోను చేస్తే కార్బొరేటర్ మార్చాలన్నాడు. అది చిక్కబళ్ళాపురంలో తప్ప దొరకదన్నాడు. బస్సెక్కి వెళ్ళాను. అంగడి గల్లాలో కూర్చున్నాయన నా చేతిలోని పాత కార్బొరేటర్‌నూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఎవరికమ్మా ఇది?"

"మిషన్‌కు."

"అది కాదు. మిషన్ నడిపేది ఎవరు?"

"నేనే."

"ఇంట్లో మొగోళ్ళు లేరా?"

"ఉండారప్పా. వాళ్ళకు స్పేరు పార్టులు దొరకలేదు."

వెనక పార్టులు సర్దుతున్న మనిషి పకపక నవ్వాడు. గల్లా ఆయన ఇంకేమీ అడగకుండా కట్టి ఇచ్చాడు. కొత్త కార్బొరేటర్ నేనే బిగించాను. విప్పడం, బిగించడం రెండూ అప్పటికి చేతికి వచ్చేశాయి. బావ వచ్చి కొత్త పార్టుకని ఇంకొక బొట్టు పెట్టాడు. కార్బొరేటర్ లోపల ఎక్కడో ఉంది కనుక, బొట్టు మళ్ళీ మూత మీదే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ మిషన్‌ను నేను రోజూ తుడిచేదాన్ని. డీజిలు గుడ్డతో పిడుల నుంచి కత్తుల దాకా, గడ్డి ఇరుక్కున్న సందులతో సహా. మూత అంచు కూడా తుడిచేదాన్ని. కానీ బొట్టు జోలికి పోయేదాన్ని కాదు. పెట్టిన బొట్టును చెరపకూడదు. అది ఎవరూ నేర్పనక్కర్లేదు. మా వైపు ఏ ఇంట్లోనైనా చూడండి, బీరువా కొత్తగా మెరుస్తుంటుంది, దాని మీద ఏనాటిదో ఎండిన బొట్టు చెక్కుచెదరకుండా ఉంటుంది. మా మిషన్ మూత మీద అప్పటికి చిన్న గుట్ట లేచింది.

అమావాస్య దగ్గర పడింది. తోటలో పావు వంతు కూడా కాలేదు. మొదట దున్నిన సాళ్ళలో గడ్డి మళ్ళీ మొలిచింది. పక్కతోట ఆయన గట్టు మీద నడుస్తూ పలకరించడం మానేశాడు. పాపం, తీసుకోబోయే తోట ముందు నిలబడి ఏం మాట్లాడతాడు? నేను పుల్లలు నాటిన ఏడాది బోరులో నీళ్ళు లేవు. బిందెలతో మోసి పోశాను. ఆ సంగతి ట్రాక్టరుకు తెలియదు. మిషన్‌ను మళ్ళీ ఆటోలో వేసుకుని బాగేపల్లి తీసుకెళ్ళాను.

మెకానిక్కు నన్ను చూడగానే రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, ఈ మిషన్‌ను నాకు అల్లుడిగా పంపేదానికి వచ్చినావా ఏంది? ఇంగ పోనంటాండాది."

"ఈసారి ఇది ఆగేదాకా నేను ఇక్కడి నుంచి లేవనప్పా."

మళ్ళీ మేకుకు సీసా వేలాడదీశాడు. మళ్ళీ ఇంజను గడియారంలా తిరిగింది. నేను స్టూలు మీద కూర్చుని ఆ సీసానే చూస్తున్నాను. అది తలకిందులుగా ఉంది. అడుగు భాగం పైకి ఉంది, ఆ అడుగు కోసేసి ఉంది. పై నుంచి పెట్రోలు పోయడానికి వీలుగా అలా కోస్తారు. ఇంజను తాగే కొద్దీ సీసాలో పెట్రోలు చక్కగా దిగుతోంది.

నాకు వంటింట్లో శెనగనూనె డబ్బా గుర్తుకు వచ్చింది. కొత్త డబ్బాకు ఒక్క రంధ్రమే పొడిస్తే నూనె రాదు. గుటకలు మింగినట్లు గుటుకు గుటుకుమని, కాసేపటికి నిలిచిపోతుంది. ఎదురుగా ఇంకొక రంధ్రం పొడవాలి. అందులోంచి గాలి పోతేనే ఇందులోంచి నూనె వస్తుంది. నేను పొడిచిన డబ్బాలకు లెక్కలేదు.

"అప్పా, ఈ సీసాకు పైన తెరిచి ఉండాది."

"ఉండనీ."

"మిషన్ ట్యాంకుకు పైన మూత ఉండాది కదా. గాలి యాడి నుంచి పోతాది?"

"మూతలోనే బొక్క ఉంటాది లే అమ్మా. కంపెనీ వాళ్ళే పెడతారు. నడిమధ్యన, సన్నగా..." అని మూత వైపు చూశాడు.

ఇద్దరమూ మూత మీది గుట్టను చూశాం. గంధం, పసుపు, కుంకుమ, మళ్ళీ గంధం. గోరుతో గీకితే పెచ్చుగా లేచింది. రాతిలో పొరల్లా ఒక్కొక్క పూజా విడివిడిగా కనబడింది.

ఆయన సీసా తీసేసి, ట్యాంకు పైపు తగిలించి, మూత గట్టిగా బిగించి స్టార్ట్ చేశాడు. మేమిద్దరమూ శవం పక్కన కూర్చున్నట్లు దాన్నే చూస్తూ కూర్చున్నాం. కొంతసేపటికి గురగురమంది, దగ్గింది, ఆగింది. ఆ షెడ్డులో అది ఆగడం అదే మొదటిసారి. నాకైతే బిడ్డ మొదటి మాట విన్నంత సంతోషం కలిగింది. మూత తిప్పాను. ఉస్సు. ఇన్నాళ్ళూ నేను మిషన్ నిట్టూరుస్తోందనుకున్నాను. అది లోపలికి గాలి పీల్చుకుంటోంది.

మెకానిక్కు నెత్తి కొట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు.

"కార్బొరేటర్ మార్పించినానే! రెండు మార్లు సీసా పెట్టినానే! ఎవరమ్మా బొట్టు పెట్టింది?"

"మా బావ."

"ఏం చెయ్యి అమ్మా అది! సిమెంటు పనికి పంపండి."

నేను చీర పిన్నీసు తీసి, దాని మొనతో ఆ రంధ్రంలోని గంధాన్ని తవ్వాను. తరువాత మూతను పెట్రోలులో ముంచి కడిగి, నోటితో ఊది చూశాను. గాలి అవతలికి పోయింది. మంచు దేశపు గురువు ఈ జబ్బు ఎందుకు చెప్పలేదో అప్పుడు తెలిసింది. ఆయన మిషన్‌కు బొట్టు పెట్టే బావ లేడు. కుంకుమ కొనుక్కుని నేనే మిషన్ ముందు కడ్డీ మీద చిన్న బొట్టు పెట్టాను. అక్కడ ఏ రంధ్రమూ లేదని మూడుసార్లు వేలితో తడిమి చూశాను.

సాయంత్రం ఇల్లు చేరేటప్పటికి అరుగు మీద బావ, పక్కతోట ఆయన కూర్చుని ఉన్నారు. కాఫీలు అయిపోయాయి. మా ఇంట్లో కాఫీ అయిపోయిందంటే నిర్ణయం కూడా అయిపోయినట్లే.

"మాట ఇచ్చేసినామమ్మా. పొద్దున ట్రాక్టరు తెస్తాండాడు," అన్నాడు బావ.

"అమావాస్య ఇంగా రాలేదు కదా బావా."

"వచ్చినాక మాత్రం ఏం చేస్తావు? ఆ మిషన్ సంగతి అందరికీ తెలిసిందే."

"మిషన్ బాగయ్యింది."

"ఎన్నో మారు?"

జరిగిందంతా చెప్పాను. బావ చివరిదాకా విన్నాడు. కానీ అందులో ఆయనకు వినబడింది ఒక్కటే.

"బొట్టు తుడిచినావా?"

"తుడవలేదు బావా. కిందికి దించినాను. ముందర కడ్డీ మీద ఉండాది."

"ఎవర్నడిగి?"

"మిషన్‌నే అడిగినాను. ఊపిరాడలేదని చెప్పింది."

పక్కతోట ఆయన దగ్గినట్లు నటించి నవ్వు దాచుకున్నాడు. బావ మా ఆయన వైపు తిరిగాడు. "ఏమిరా, నువ్వేమంటావు?" మా ఆయన గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను ఆశ పెట్టుకోలేదు. ఆయన "కాగితంలో మన పేర్లుండాయి అన్నా. పుల్ల నాటింది మాత్రం ఇది," అన్నాడు. అంతే అన్నాడు. అన్నేళ్ళ కాపురంలో ఆయన నోట నా తరఫున వచ్చిన మాట అదొక్కటే. వంగకుండా చెప్పాడు.

పక్కతోట ఆయన లేచి కండువా దులుపుకున్నాడు.

"నాకేం బలవంతం లేదమ్మా. ట్రాక్టరు మాట్లాడేసినాను కాబట్టి పొద్దున వస్తాను. నీ మిషన్ తిరుగుతాంటే నేను వెనక్కి తిరుగుతాను. నిలబడిపోయి ఉంటే నా ట్రాక్టరు తోటలోకి తిరుగుతాది. సరేనా?"

"సరే అప్పా," అన్నాను.

బావ కూడా లేచాడు. వెళ్తూ వెళ్తూ మిషన్ దగ్గర ఆగి, ముందు కడ్డీ మీది బొట్టును చూసి, "సన్నగా పెట్టింది," అని గొణిగాడు.

మరునాడు పొద్దున నేలా గడ్డీ కనబడే వెలుగు రాగానే లేచాను. ఆయిల్ పుల్ల తీసి చూశాను. పెట్రోలు గుడ్డలో వడకట్టి నిండుగా పోశాను. మూత బిగించి, మిషన్‌ను తోటలోకి తోసుకుపోయి గుంజాను. ఒక సాలు అయింది. సాలున్నర దగ్గర నా చేతులు వాటంతట అవే పిడుల మీద బిగుసుకున్నాయి. దాటిపోయింది. రెండు, మూడు. తరువాత లెక్కపెట్టడం మానేశాను. గడ్డి తిరగబడి పడుతోంది, కింది నుంచి తడి మట్టి వాసన వస్తోంది.

ట్రాక్టరు ఎప్పుడు వచ్చిందో వినబడలేదు. సాలు చివర మళ్ళినప్పుడు గట్టు మీద కనబడింది. పక్కతోట ఆయన ఇంజను ఆపి, సీటు మీద కూర్చుని చూస్తున్నాడు. నేను పలకరించలేదు. ఆయన ముందు నుంచే పోయాను, వచ్చాను. ఆ తరువాతి సాలు మధ్యలో ఒక పొడుగాటి తీగ కత్తులకు చుట్టుకుంది. ఇంకా తిప్పితే బెల్టు పోతుంది. ఇంజను ఆపక తప్పలేదు.

తోటంతా నిశ్శబ్దమైపోయింది. ఆయన ట్రాక్టరు దిగాడు.

నేను కొడవలి తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, కత్తుల మధ్య తీగను కోశాను. పూర్తిగా కోశాను; తొందరపడి సగం వదిలేస్తే మళ్ళీ చుట్టుకుంటుంది. లేచి తాడు పట్టుకున్నాను. మొదటి గుంజుకు పట్టలేదు. ఆయన గట్టు దిగి రెండు అడుగులు వేశాడు. బిగిసినచోట ఆపి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ గుంజాను. పట్టింది.

ఆయన అక్కడే నిలబడి, చెయ్యెత్తి ఏదో అన్నాడు. చప్పుడులో వినబడలేదు. తరువాత వెళ్ళి ట్రాక్టరెక్కి, దాన్ని గట్టు మీదే ముందుకూ వెనక్కూ తిప్పి, వచ్చిన దారిన తోలుకుపోయాడు. నేను ఆ సాలు చివరిదాకా దున్ని, మిషన్‌ను మళ్ళించి, పక్క సాలులో దించాను.